తిరిగి ఇవ్వాల్సిన ఏనుగు

2023 నవంబరు. నేరేడ్‌మెట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో నేను క్రాఫ్ట్ టీచర్ని. ఈ పనిలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. క్రాఫ్ట్ టీచరంటే మా స్కూల్లో లెక్కల సారు సెలవు పెట్టినప్పుడు ఆ క్లాసులో కూర్చునే మనిషి. నవంబరు వచ్చిందంటే మాత్రం హఠాత్తుగా నేను అందరికీ గుర్తొస్తాను. ఎందుకంటే ఆ నెలలోనే 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' ప్రదర్శన ఉంటుంది. ఇంట్లో పారేసే వస్తువులతో పిల్లలు బొమ్మలు చేసి, రంగులు వేసి, బల్లల మీద పెడతారు. తల్లిదండ్రులు వచ్చి చూస్తారు.

పిల్లలు చేస్తారని రాశాను గానీ, అలా రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. చేసేది తల్లులు. వాళ్లకు తీరిక లేకపోతే ప్రాజెక్టులు చేసిపెట్టే షాపులు. పిల్లలు మోసుకొస్తారంతే.

సరే, కనీసం మూడో తరగతి వాళ్లయినా చేత్తో చేస్తే చాలని ఆ ఏడాది ఒక నియమం పెట్టాను. పనంతా క్లాసులోనే, ఇంటి నుంచి ఒక్క పాత వస్తువు తెస్తే చాలు. మర్నాటి నుంచి నాకు మొదలైంది. ఒక తల్లి కొత్త షాంపూ సీసాను మగ్గులోకి ఒంపేసి ఖాళీ సీసా పంపింది. ఒక తండ్రి అట్ట ట్రే కోసం పొద్దున్నే ట్రే నిండా గుడ్లు కొన్నాడు. ఆ ట్రే ఒక మూల పచ్చసొనతో సహా నా బల్ల మీదికి వచ్చింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "మేడం, వేస్ట్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగితే, ఇంకొకావిడ రెజిమెంటల్ బజార్లో ఒక షాపు పేరు చెప్పింది. అక్కడ ఐస్‌క్రీం పుల్లలు, సీసా మూతలు, అట్ట గొట్టాలు కవర్లో కట్టి అమ్ముతారట. అన్నీ కొత్తవే. కొత్త చెత్త! తల పట్టుకున్నాను.

వీళ్లందరి మధ్యా సహస్ర అనే పిల్ల ఒక్కతీ వట్టి చేతులతో వచ్చేది. మాట తక్కువ. అడిగితే తల వంచుకుని ఒకే జవాబు.

"నానమ్మ ఇయ్యలేదు మిస్."

"ఒక్క పాత డబ్బా కూడా ఇవ్వలేదా?"

"మా ఇంట్ల పాతయి లేవు మిస్. అన్నీ పన్ల ఉన్నయి."

రెండు వారాలు ఇదే పాట. మిగిలిన పిల్లలు రంగుల దాకా వచ్చేశారు. ఈ పిల్ల పక్కవాళ్ల బ్రష్షులు కడుగుతూ కూర్చుంది. అది చూస్తే నాకు జాలీ వేసింది, చిర్రెత్తుకూ వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి రమ్మని డైరీలో రాశాను. తల్లి స్వప్న ఆఫీసుకు వెళ్తుంది కాబట్టి నానమ్మే వచ్చింది. పేరు అండాలమ్మ. చేతిలో సంచీ, ఆ సంచీ కూడా పాత ప్యాంటు కాలుతో కుట్టినదే.

"ఏంది టీచరమ్మా, పోరి ఏమన్న లొల్లి చేసిందా?"

"లొల్లేం లేదమ్మా. ఇంట్లో పారేసే డబ్బా ఏదైనా ఉంటే పంపండి, అంతే."

"పారేసుడా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఐస్‌క్రీం డబ్బాల దోసెల పిండి ఉన్నది. గాజు సీసల చింతపండు ఉన్నది. పాల కవర్లు కడిగి ఆరబెట్టి పాత సామాన్ల కబాడోనికి ఏస్త. ఇగ పారేసెటియి ఏమున్నయి?"

"అట్టపెట్టె?"

"దాంట్ల నా చీరలున్నయి."

ఊళ్లో అందరూ చెత్త కోసం బజారుకు పరుగెడుతుంటే, నిజంగా ఏదీ పారేయని ఒక్క ఇంటి పిల్లకు నేను నిలువునా మార్కులు కోయాలి. ఆఖరికి బతిమాలుకున్నాను. "మీ మనవరాలు ఒక్కతే ఖాళీగా కూర్చుంటోందమ్మా. ఒక్క డబ్బా ఇవ్వండి."

ఆవిడ బేరానికి దిగింది. ఐదు లీటర్ల నూనె డబ్బా ఒకటుందట. పైభాగం ఒకవైపు కోసేసి, పిడి ఉంచి, వాకిట్లో నీళ్లు జల్లడానికీ చెట్లకు పోయడానికీ వాడుతోందట.

"అది ఇస్త. గని నాకు మల్ల కావాలె. బొక్క పెట్టొద్దు, కొయ్యొద్దు. మీ పండుగేదో అయినంక నా డబ్బా నాకియ్యాలె."

ప్రదర్శనకు వచ్చే వస్తువును ఇలా షరతుల మీద తెచ్చుకోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. ఒప్పుకోక చేసేదేముంది?

డబ్బా వచ్చింది. బోరు నీళ్లకు తెల్లటి పొర గట్టిగా పేరుకుంది. సహస్ర దాన్ని బల్ల మీద పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, పిడి మీద వేలు పెట్టి "మిస్, ఇది తొండం" అంది. ఇన్ని రోజుల్లో ఆ పిల్ల తనంతట తాను చెప్పిన మొదటి మాట అదే.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. ప్లాస్టిక్ మీద రంగు ఊరికే నిలవదు. నున్నగా ఉంటే పెచ్చులుగా లేచిపోతుంది. అందుకే ముందు శాండ్ పేపర్‌తో, అంటే గరుకు కాగితంతో, పైనంతా రుద్ది గీతలు పడేలా చేయాలి. స్కూల్లో పిల్లలకిచ్చేది పోస్టర్ కలర్. ఆరిన తర్వాత కూడా నీళ్లు తగిలితే కరిగిపోతుంది. ఈ డబ్బా మళ్లీ నీళ్లలోకే వెళ్లాలి కాబట్టి, ఆరాక నీళ్లకు కరగని అక్రిలిక్ రంగు నా అలమరాలోంచి తీసిచ్చాను. బూడిద రంగు అయిపోయింది, ఆకుపచ్చే మిగిలింది.

"ఏనుగు ఆకుపచ్చగా ఉంటే పర్లేదా?" అని అడిగాను.

"చెట్లకు నీళ్లు పోస్తది కదా మిస్" అంది, అదేదో కారణమన్నట్టు.

రుద్దడం ఎవరికీ ఇష్టముండదు. రెండు నిమిషాలు రుద్ది "అయిపోయింది మిస్" అంటారు. సహస్ర మాత్రం పీరియడ్ మొత్తం రుద్దేది. గంట కొట్టినా లేచేది కాదు. మూడు పూతలు వేసింది. లోపల మాత్రం రంగు వేయనంది, నానమ్మకు నచ్చదట. చెవులకు నా దగ్గరున్న అట్టముక్క కత్తిరించి తెల్ల గమ్‌తో అతికించింది. ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది. కళ్లకు కాస్త మెల్ల వచ్చింది. చూడగానే నవ్వొచ్చే ఏనుగు. కానీ గీత నుంచి పూత దాకా ప్రతిదీ ఆ పిల్ల చేతి పని. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నా మనసుకు నచ్చిన బొమ్మ అదొక్కటే.

బుద్ధి గడ్డి తిని పిల్లల బొమ్మలన్నీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి స్వప్న ఫోన్.

"మేడం, అందరివి ఎంత ఫినిషింగ్‌తో ఉన్నయి! మా పాపది చూస్తే నాకే సిగ్గనిపించింది. గ్రూపుల నవ్వే ఎమోజీలు సుత పెట్టిండ్రు."

"తనే చేసుకుంది స్వప్నగారూ. అందరిలో తనొక్కతే పూర్తిగా చేసుకుంది."

"అది మీకు తెలుసు మేడం. బయటోళ్లకు ఎట్ల తెలుస్తది? చీఫ్ గెస్ట్ ముంగట మా పాప ఇన్సల్ట్ కావొద్దు."

ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె వినలేదు.

ప్రదర్శన రోజు పొద్దున స్వప్న స్కూటీ మీద ఇంత పెద్ద అట్టపెట్టె వచ్చింది. లోపల థర్మకోల్ నెమలి. ఈకల చివర్లలో లైట్లు. పెట్టెలో నుంచి తీస్తుండగానే ప్రిన్సిపల్ మేడం వచ్చి, "అబ్బ! దీన్ని ముందు బల్ల మీద పెట్టించండి" అంది.

"మేడం, ఇది సహస్ర చేసింది కాదు. ఇందులో వేస్ట్ కూడా ఏమీ లేదు."

"గెస్ట్ వచ్చే టైమైంది. ఇప్పుడు ఆ చర్చలన్నీ ఎందుకు చెప్పండి?"

ఒళ్లు మండిపోయింది. సహస్ర పేరు రాసిన అట్టముక్కను ఏనుగు ముందు నుంచి తీసి నెమలి ముందు పెట్టింది స్వప్న. ఏనుగు ఎటు పోయిందో చూద్దును గదా, సహస్ర దాన్ని రెండు చేతులా పట్టుకుని బల్ల కింద, తెర గుడ్డ వెనక దాచేస్తోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. వెళ్లి నెమలి పక్కన నిలబడింది, వేరేవాళ్ల ఇంట్లో నిలబడినట్టు.

ముఖ్య అతిథి రిటైర్డ్ ఆఫీసరు, మర్యాదస్తుడు. నెమలి దగ్గర ఆగాడు. "చాలా బాగుందమ్మా. ఎలా చేశావు?"

సహస్ర నేల చూసింది. ఆయన మళ్లీ అడిగాడు. స్వప్న వెనక నుంచి "చెప్పు సహస్రా, చెప్పు" అని భుజం తట్టింది. ఆ పిల్ల చెంపలు ఎర్రబడ్డాయి గానీ నోరు పెగల్లేదు. తను చేయనిదాని గురించి ఏం చెబుతుంది? ఇక ఊరుకునేది లేదని ఒక అడుగు ముందుకు వేశాను.

అంతలో గుమ్మం దగ్గర్నుంచి గొంతు వినిపించింది.

"టీచరమ్మా! పండుగ అయిందా? నా డబ్బా ఏది?"

అండాలమ్మ. చేతిలో అదే సంచీ. ఎవరున్నారో, ఏం జరుగుతోందో ఆవిడకు పట్టలేదు. "ఇన్ని దినాలాయె, చెంబుతోని నీళ్లు జల్లి జల్లి నడుం పోతున్నది" అంటూ నేరుగా బల్ల దగ్గరికి వచ్చేసింది. నెమలిని చూసింది. "ఇదేంది? ఇది మాది గాదు."

"అత్తమ్మా, జెర ఆగుండ్రి" అంది స్వప్న, అతిథి వైపు చూస్తూ.

"ఎందుకు ఆగాలె? నేనిచ్చింది డబ్బా. ఎవలదో నెమలిని పట్టుకొని నేనేం జేసుకోవాలె?"

అప్పుడు సహస్ర కదిలింది. గుడ్డ పక్కకు తీసి, బల్ల కిందికి దూరి, ఏనుగుతో బయటికి వచ్చింది. దాన్ని నెమలి ముందు పెట్టింది.

"నెమలి షాపుల చేసిండ్రు సార్. ఇది నేను చేసిన" అంది, అతిథితో. అందరికీ వినబడేంత గట్టిగానే అంది.

అండాలమ్మ ఏనుగును తొండం పట్టుకుని లేపింది. లోపలికి తొంగి చూసింది. గోటితో రంగు గీకింది.

"బొక్క పెట్టలేదు గదా?"

"పెట్టలే నానమ్మా."

"నీళ్లు ఆగుతయా?"

ఆగుతాయని నేను చెప్పేలోపే ఆవిడ వరండాలోకి నడిచింది. అక్కడ మొక్కలకు నీళ్లు పెట్టే బకెట్టు ఉంది. ఏనుగును నిలువునా అందులో ముంచింది. అక్రిలిక్ సంగతి సరే, చెవులకు వేసింది నీళ్లు తగిలితే ఊడిపోయే తెల్ల గమ్. "అమ్మా, చెవులు..." అంటూనే ఉన్నాను. పైకి తీసేసరికి పెద్ద చెవి బకెట్లో తేలుతోంది.

సహస్ర వైపు చూడాలంటే భయమేసింది. ఆ పిల్ల బకెట్లోకి చూసి, చిన్నగా మొదలుపెట్టి, పకపకా నవ్వేసింది. అతిథి కూడా నవ్వాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నా ఆకుపచ్చ రంగు ఒక్క చుక్క దిగలేదు. అండాలమ్మ తులసి మొక్కకు ఓ ధార, పక్కన ఎండుతున్న క్రోటన్ మొక్కకు ఓ ధార పోసి చూసుకుంది.

"మంచిగనే ఉన్నది. ఆ చెవి అతికియ్యి బిడ్డా, ఈసారి ఊడొద్దు" అని ఏనుగును సంచీలో వేసుకుంది. వెళ్లబోతూ ఆగి, నెమలి వచ్చిన అట్టపెట్టెను చూపించి "ఇది పారేస్తరా?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా దాన్నీ చంకలో పెట్టుకుంది.

ప్రిన్సిపల్ మేడం ముఖం మాడ్చుకుంది. ఆ విషయం మీద తర్వాత నాకు గట్టిగానే అక్షింతలు పడ్డాయి, పడనీ. స్వప్న చాలాసేపు బల్ల దగ్గరే నిలబడింది. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "మేడం, నీళ్లల్ల ఊడని గమ్ ఏది?" అని అడిగింది. పేరు రాసిచ్చాను.

ఆ తర్వాత నేను పిల్లలతో 'వేస్ట్' అనే మాట వాడటం మానేశాను. ఇంట్లో వాడుకునే వస్తువే తెమ్మంటాను, పనికొచ్చేలాగే తిరిగి ఇవ్వాలంటాను. ఇప్పటికీ గ్రూపులో ఎవరో ఒకరు అది ఎక్కడ కొనాలని అడుగుతూనే ఉంటారు. నాకు ఒళ్లు మండుతూనే ఉంటుంది.

ఏనుగు ఇంకా వాకిట్లో నీళ్లు జల్లుతోందని సహస్ర చెబుతుంది. నెమలి మాత్రం నా అలమరా పైన దుమ్ము కొట్టుకుని ఉంది. తీసుకెళ్లమని రెండుసార్లు కబురు పెట్టాను. దానికోసం ఎవరూ రాలేదు.