చల్లారే చోటు

ఫ్యాక్టరీలో ఉక్కు కడ్డీలను ఎర్రగా కాల్చి, మంట ఆపేసి, ఆ ఫర్నేసులోనే మెల్లగా చల్లారనివ్వడం నా పని. ఇంగ్లీషులో దీన్ని ఎనీల్ చెయ్యడం అంటారు. అలా చేస్తే లోపలి బిగువు తగ్గి ఉక్కు మెత్తబడుతుంది. తొందరపడి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది గానీ, పెళుసుబారి దెబ్బ తగిలితే విరుగుతుంది.

మొన్న సెలవు రోజున ఆ మాట ఎలా పుట్టిందా అని ఫోన్లో డిక్షనరీ చూశాను. పాత ఇంగ్లీషులో దానికి నిప్పంటించడం, కాల్చడం అనే అర్థమట. చల్లారడం ఊసే లేదు. అది ఎన్నో వందల ఏళ్ల తర్వాత వచ్చి చేరింది. నాకు ఒళ్లు మండింది. ఒక మాట చల్లారడానికే అంతకాలం పడితే, మమ్మల్ని మాత్రం షిఫ్టు దిగిన వెంటనే నవ్వుతూ ఇంటికి రమ్మంటారు!

అందుకే నేను తిన్నగా ఇంటికి వెళ్లను. దువ్వాడ రైల్వే స్టేషన్లో ఫ్యాను తిరిగే చోట బెంచీ చూసుకుని కూలబడతాను. ఎవరితోనూ మాట్లాడను. రెండు మూడు బళ్లు వెళ్లిపోయి, ఒంట్లో సెగ తగ్గాక లేస్తాను.

రోజూ ఎందుకు ఆలస్యమవుతోందో అర్థం చేసుకుంటుందని, నిన్న ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పెనం మీది దోసె తిరగేసి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"మీకైతే దువ్వాడ టేసనుంది," అంది. "పొద్దుట్నుంచీ ఈ పొయ్యి కాడే ఉన్నాను. నాను సల్లారడానికి ఏటుంది?"