మా తాతయ్య బీరు కాచిన చలికాలం

నా చిన్నప్పుడు ఎడ్మంటన్‌లో పడిన చలి ఇప్పుడెక్కడుంది? అప్పట్లో మా అమ్మ పొరపాటున బయట ఆరేసిన నాన్న లుంగీ తలుపు చెక్కలా బిగుసుకుపోయి, దాన్ని లోపలికి మోసుకురావడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. మంచు పడిందంటే కారు ఎక్కడుందో యాంటెనా చూసి గుర్తుపట్టాలి. నాన్న ఉద్యోగం ఉత్తరాన చమురు బావుల దగ్గర. వారాల తరబడి ఇంట్లో ఉండేవాడు కాదు. ఆ మంచంతా తీసేవాడు మా పక్కింటి అంకుల్.

ఆయన మా ఫ్రిజ్ కంటే ఎత్తు, ఫ్రిజ్ కంటే తక్కువ మాట్లాడేవాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఒంటరివాడు. తెల్లారేసరికి మంచు ఊదే మిషన్ వేసుకుని ముందు తన వాకిలి, తర్వాత మా వాకిలి శుభ్రం చేసి, థాంక్స్ చెప్పేలోగా మాయమైపోయేవాడు.

ఒక ఏడు చలికాలంలో ఇండియా నుంచి వచ్చిన మా తాతయ్యకి ఇది నిద్రపట్టనివ్వలేదు. కాలేజీలో ముప్పయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పిన మనిషి, ఎవరి దగ్గరా ఊరికే గుక్కెడు మంచినీళ్లు కూడా పుచ్చుకోని మనిషి. పులిహోర పంపాడు. అంకుల్ డబ్బా కడిగి, అద్దంలా తుడిచి తిరిగిచ్చాడే తప్ప ముఖంలో ఏ వెలుగూ లేదు. అంతలో అంకుల్ గరాజ్‌లో తాతయ్య కంటికి కొండలా పేర్చిన ఖాళీ బీరు సీసాలు కనబడ్డాయి. ఇంకేం, తాళంచెవి దొరికిపోయింది.

కానీ మందు కొట్టు గుమ్మం తొక్కడం తాతయ్య వల్ల కాదు. ఏనాడూ చుక్క ముట్టని వంశమాయె. "కొనడం వ్యసనం, కాయడం సైన్సు" అని తీర్పు చెప్పి, లైబ్రరీ నుంచి పుస్తకం, ఎక్కడినుంచో మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ పాకం డబ్బా, ఈస్టు పొట్లం తెప్పించాడు. సీసాలు ఆ అంకుల్‌నే అడిగి తెచ్చాడు. ఆయన ఒక క్షణం తాతయ్య వంక చూసి, ఓ పెట్టెడు ఇచ్చాడు.

బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన వెచ్చటి చోటు ఒక్కటే. అక్కడ అప్పటిదాకా అమ్మ ఇడ్లీపిండి రాజ్యమేలుతుండేది. తాతయ్య బీరు బకెట్టు వచ్చి దాన్ని గద్దె దింపింది. ఆ నెలంతా మేం రాళ్లలాంటి ఇడ్లీలు తిన్నాం, ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన పీల్చాం.

"మామయ్యగారూ, కనీసం రుచైనా చూశారా?" అంది అమ్మ, సీసాలకి మూతలు బిగిస్తున్న రోజున.

"నైవేద్యం ఎవరైనా రుచి చూసి పెడతారటే అమ్మాయ్!"

పైగా పెద్దమనిషికి ఇచ్చేదాంట్లో పిసినారితనం కనబడకూడదని, పుస్తకం చెప్పినదానికంటే సీసాకి ఓ చెంచా చక్కెర దండిగా వేశాడు. ఫలితం, ఒక సాయంత్రం ఇంటి పునాది కదిలేలా ఢామ్మంది. కిందికి పరుగెత్తితే గోడంతా నురగ, గాజుపెంకులు, బియ్యం బస్తాకి గాయాలు. మిగిలినవి ఎప్పుడు పేలతాయోనని మేం మెట్ల మీద పిల్లుల్లా నడిచాం. తాతయ్య మాత్రం బాంబులు మోసే సిపాయిలా వాటిని తువ్వాళ్లలో చుట్టి, "చల్లటి చోట పెట్టండి" అని చెప్పి పక్కింట్లో ఇచ్చి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మంచు కిటికీల సగందాకా పడింది. మిషన్ చప్పుడు లేదు. తొమ్మిదైంది, పదైంది. ఆ ఇంటి కర్టెన్లు కదలలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

అమ్మ రెండోసారి ఫోన్ పెట్టేసి, నెమ్మదిగా అడిగింది. "ఏం కలిపారు అందులో?"

తాతయ్య ముఖంలో నెత్తురు లేదు. కల్తీ సారా తాగి చచ్చిపోయినవాళ్ల గురించి, కళ్లు పోయినవాళ్ల గురించి ఏటా క్లాసులో పాఠం చెప్పిన మనిషి ఆయన. మా ఇంట్లో మిగిలిపోయిన ఒక్క సీసా తెచ్చి మూత తీశాడు. సగం నురగై సీలింగ్‌కి అంటింది. మిగిలింది స్టీలు గ్లాసులో పోశాడు.

"మామయ్యగారూ, వద్దు!"

"ఆయనకి ఏమయ్యిందో నాకూ అవ్వాలి" అని, ముక్కు మూసుకుని ఆముదం తాగినట్టు మొత్తం తాగేశాడు. నేను ఆయన కళ్లవంకే చూస్తూ వేళ్లు చూపించాను. "తాతయ్యా, ఎన్ని?" "నోర్ముయ్యి, కోటు తే" అన్నాడు.

పంచె మీద నాన్న కోటు, కాళ్లకి నాన్న బూట్లు. నడుంలోతు మంచులో నా చెయ్యి పట్టుకుని ఈదాడు. ఇరవై గజాల దూరం, హిమాలయం దాటినట్టుంది. తలుపు బాదాడు. మళ్లీ బాదాడు. "దేవుడా, దేవుడా" అని గొణుగుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. అంకుల్ నిలబడి ఉన్నాడు, గడ్డం గీసుకోలేదు, కళ్లు ఎర్రగా. మా తాతయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని, అచ్చమైన లెక్చరర్ ఇంగ్లీషులో అడిగాడు, చూపు కనబడుతోందా అని.

"కనబడుతోంది" అన్నాడాయన. "నేను తాగలేదు."

వంటింటి బల్ల మీద సీసాలన్నీ బారుగా, మూతలు తియ్యకుండా ఉన్నాయి. ఎదురుగా ఒక కుర్చీ. ఆయన అంత పొడుగు మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఒకప్పుడు తాగుడు వల్లే భార్య వెళ్లిపోయిందట. మానేసి చాలా ఏళ్లయిందట. గరాజ్‌లో సీసాలు వీధిలో సేకరించినవట, పిల్లల హాకీ టీమ్ ఖర్చులకి అమ్ముకోవడానికి. పారబొయ్యాలనుకున్నాడట, కానీ ముసలాయన చేత్తో చేసింది పారబొయ్యడానికి మనసు రాలేదట. మూత తియ్యకుండా, వాటి దగ్గర్నుంచి లేవలేక, ఫోన్ మోగినా కదల్లేక అలా కూచుండిపోయాడట.

తాతయ్య భయపడిన విషం సీసాలో లేదు, తన మర్యాదలో ఉంది. తర్వాత ఒక్కొక్క సీసా తీసుకెళ్లి వెనక గుమ్మంలోంచి మంచులో ఒంపేశాడు. అంకుల్ మూతలు తీసి అందించాడు. తెల్లటి మంచు కాఫీరంగు తిరిగింది. ఆ వీధి మొత్తం మీద ఆ బీరు తాగినవాడు మా తాతయ్య ఒక్కడే, అది ఆ వేళకి బాగా ఎక్కింది కూడా. లేకపోతే అంత పెద్దమనిషి అలా సూటిగా అడిగి ఉండడు.

"నీకేం కావాలయ్యా?"

"ఏమీ వద్దు."

తాతయ్య కదల్లేదు. పంచె చివర నీళ్లు కారుతున్నాయి. ఊగుతూ అలాగే నిలబడ్డాడు. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి.

చివరికి అంకుల్ నేలవంక చూస్తూ, "సాయంత్రం అయిదింటికి కష్టంగా ఉంటుంది. ఆ టైముకి ఎవరైనా వచ్చి కూచుంటే..." అన్నాడు.

ఇండియా తిరిగి వెళ్లేదాకా తాతయ్య అయిదయ్యేసరికి అక్కడే. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలీదు, టీవీలో హాకీ చూస్తూ ఉండేవారు. తాతయ్యకి హాకీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాకిప్పుడు జుట్టు సగం తెల్లబడింది. నేను కష్టంలో ఉన్నవాళ్లింటికి వెళ్లి "మీకేం కావాలండీ?" అంటే అందరూ "ఏం వద్దండీ" అనే అంటారు. అది మర్యాద కోసం చెప్పే జవాబు. చెప్పులు వేసుకునే తొందర లేనట్టు, కాళ్లు తిమ్మిరెక్కేదాకా అక్కడే నిలబడతాను. అప్పుడు రెండో జవాబు వస్తుంది, అసలుది.