కుదురు తప్పిన రైఫిల్

2022 అక్టోబరు, దసరా వెళ్ళిన తరువాతి వారం. ఆత్మకూరులోని నా షాపులో కాలేజీల సూక్ష్మదర్శినులు, బంగారు అంగళ్ళ త్రాసులు, సర్వేయర్ల లెవల్ పరికరాలు బాగుచేస్తాను. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కొంతకాలం ఒక కాలిబ్రేషన్ లాబొరేటరీలో, అంటే కొలిచే పరికరాలనే కొలిచి సరిచూసే చోట, పనిచేశాను. ఆ అలవాటు పోలేదు. నా బల్ల మీదికి వచ్చే వస్తువుతోపాటు దానితో వచ్చే కథను కూడా పరీక్షిస్తాను. లోపం చాలాసార్లు కథలోనే దొరుకుతుంది.

క్రీడలకు వాడే ఎయిర్ రైఫిళ్ళను విప్పి బిగించేవారు ఈ పరిసరాల్లో లేనందువల్ల ఆ పని కూడా నాకే వస్తుంది. ఇందులో మందుగుండు ఉండదు. సిలిండర్‌లో ఒత్తిపెట్టిన గాలి చిన్న సీసపు గుండును పది మీటర్ల దూరంలోని అట్ట మీదికి పంపుతుంది. గొట్టం, గాలి సిలిండర్, మీట కలిసిన ఇనుప భాగాన్ని యాక్షన్ అంటారు. దాన్ని మోసే కొయ్య భాగం స్టాక్. ఈ రెంటినీ కింది నుంచి రెండు స్క్రూలు కలిపి ఉంచుతాయి. ఆ ఇనుము ఆ కొయ్యలో కూర్చునే పద్ధతికి బెడ్డింగ్ అని పేరు. నేను దాన్ని కుదురు అంటాను.

ఆ రోజు ఉదయగిరి బస్సు దిగి ముగ్గురు వచ్చారు. కొండ కింది పల్లెలో గొర్రెలు కాసే మాలకొండయ్య, ఇంటర్ చదువుతున్న ఆయన కూతురు కావ్య, ఆయన తల్లి. మాలకొండయ్య చంకలో దుప్పటి చుట్టిన రెండు మూటలు ఉన్నాయి. ఒకదానిలో యాక్షన్, మరొకదానిలో స్టాక్. రైఫిల్ ఉదయగిరిలో పిల్లలకు తర్ఫీదు ఇచ్చే క్లబ్బుది. పొడుగు పెట్టె మోటారుసైకిల్ మీద పట్టదని దాన్ని విప్పి ఇంటికి తీసుకుపోవడం, క్లబ్బులో మళ్ళీ బిగించడం వారికి అలవాటు. మునుపు ఎన్నిసార్లు బిగించినా గురి దాదాపు పాత చోటికే వచ్చేదట. దసరా తరువాత రావడం లేదు.

"ఆదివారం నెల్లూరులో జిల్లా జట్టుకు సెలక్షన్లు ఉండాయి సార్," అని కావ్య నేల చూస్తూ చెప్పింది. "మా కోచ్ సారు నా పేరు తీసేసి ఇంకొకరిని పంపిస్తానన్నాడు. నాకు గురి పోయిందంట."

"గురి పోయిందని ఆయనకెట్టా తెలిసింది?" అన్నాను.

"ఆయన కాల్చి చూసినాడు. ఆయనకు బాగానే పడినాయి."

"ఎన్ని కాల్చినాడు?"

"బిగించినాక ఒక ఐదారు."

మాలకొండయ్యకు వేరే అభిప్రాయం ఉంది. "గొట్టమే వంగుంటాది సార్. గతుకుల్లో బండి ఒకసారి ఎగిరింది."

అవ్వ ఆ రెండు మాటలనూ ఒప్పుకోలేదు. "ఏం వంగలా. దిష్టి తగిలుండాది అబ్బయా. ఆడపిల్ల తుపాకీ పట్టుకోని పోతావుంటే ఊరంతా కళ్ళప్పగించి చూస్తా ఉండారు."

అంటే నా ముందు మూడు కథలు ఉన్నాయి. ఏదో ఒకదాన్ని నమ్మేముందు మూడింటినీ విడదీయాలి.

ముందు యాక్షన్‌ను ఒక్కదాన్నే, స్టాక్ లేకుండా, తోలు పెట్టిన బెంచ్ వైస్‌లో, అంటే బల్లకు అమర్చిన ఇనుప పట్టులో, బిగించాను. షాపు వెనక గోదాం పొడుగు పది మీటర్లు దాటుతుంది. అట్ట తగిలించి గుండు తరువాత గుండు పంపాను. అన్నీ ఒకే రంధ్రంలోకి పోయాయి. ఒకే గురితో కాల్చిన గుండ్లు పడిన గుంపును గ్రూప్ అంటాం. ఇది కొత్త రైఫిల్ ఇవ్వదగిన గ్రూప్. గొట్టం వంగలేదు. గాలి ఒత్తిడి నిలకడగా ఉంది.

తరువాత స్టాక్ బిగించి, ఇసుక సంచుల మీద ఆనించి కాల్చాను. మొదటి గుండ్లు ఒకచోటే పడ్డాయి. కోచ్ అక్కడే ఆపి ఉంటాడు. నేను ఆపలేదు. కొన్ని గుండ్లయ్యాక గ్రూప్ మెల్లగా ఎడమకు, పైకి పాకింది. మీట మీద ఉన్నది నా వేలు. పిల్ల దూరంగా గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"చూడమ్మా," అన్నాను. "ఇప్పుడు గురి పోయింది నాకు."

కావ్య అట్ట దగ్గరికి వెళ్ళి రంధ్రాలను చాలాసేపు చూసింది.

"దిష్టి సంగతి మాత్రం నాకు అర్థం కాలేదవ్వా," అన్నాను సరదాగా. "ఇనుము ఒక్కటే ఉన్నప్పుడు తగల్లేదు. కట్టె బిగించగానే తగిలింది."

"అయితే కట్టెకే తగిలింటాది!" అంది అవ్వ క్షణం ఆలస్యం లేకుండా.

చోటు విషయంలో అవ్వతో నాకు భేదాభిప్రాయం లేదు. తేలవలసింది కారణం.

డయల్ గేజ్ అనే పరికరం ఉంది. గడియారంలాంటి ముఖం, కింద ఒక సన్నని మొన. వెంట్రుకలో చిన్న భాగమంత కదలికను కూడా దాని ముల్లు చూపుతుంది. దాన్ని స్టాక్ ముందు భాగానికి తగిలించి, మొనను గొట్టానికి ఆనించి, వెనక స్క్రూను వదులు చేశాను. ఇనుము కొయ్యలో సరిగ్గా కూర్చుని ఉంటే ముల్లు ఇంచుమించు కదలకూడదు. ఇక్కడ గిర్రున తిరిగింది. యాక్షన్ కుదురులో కూర్చోలేదు. కింద ఏదో ఎత్తు ఉంది. స్క్రూ దాని మీదుగా ఇనుమును వంచి పట్టుకుంటోంది. ఆ ఎత్తు కాస్త నలిగినప్పుడల్లా గురి మారుతుంది.

ఎత్తు ఎక్కడుందో చూడడానికి యాక్షన్ అడుగున నీలం రంగు పల్చగా పూసి, కుదురులో పెట్టి తీశాను. ఆనిన చోటల్లా రంగు అంటుకోవాలి. వెనక స్క్రూ రంధ్రం పక్కన గోరంత చోట మాత్రమే అంటింది. నూనె పట్టి గోధుమరంగుకు తిరిగిన గట్టి పెచ్చు అది. పక్కనున్న కొయ్యకు, దానికి రంగులో తేడా లేదు.

ఇక్కడ తొందరపడకూడదు. కొన్ని రైఫిళ్ళలో కుదురు సరిపోవడానికి తయారీదారులే అటువంటి గట్టి ముద్దను అక్కడక్కడ పోస్తారు. ఇది అదే అయితే, గీకిన మరుక్షణం క్లబ్బు రైఫిల్‌ను నేనే పాడుచేసినవాణ్ణవుతాను. పెచ్చు అంచున సూదితో కొంచెం పొడి రాల్చి భూతద్దం కింద చూశాను. పసుపుపచ్చగా ఉంది. ఒక అనుమానం వచ్చింది. అనుమానం ఆధారం కాదు.

"అవ్వా, నీ ఆకువక్క సంచిలో సున్నం ఉండాదా?"

"ఏంది, నువ్వు కూడా ఆకేసుకుంటావా?" అంటూ డబ్బా ఇచ్చింది.

పొడిని గాజుపలక మీద తడిపి సున్నం తాకించాను. ఎర్రబడింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని మన ఇళ్ళలో పారాణి కలిపిన ప్రతివారికీ తెలుసు. తయారీదారులు పోసే ముద్దకు ఆ గుణం లేదు.

అవ్వ ఆ ఎరుపును చూసింది. తరువాత కొడుకు వైపు చూసింది.

"ఆయుధపూజ నాడు పెట్టిందే," అన్నాడు మాలకొండయ్య. "మా ఇంట్లో గొడ్డలికి పైపైన బొట్టు పెట్టం సార్. కామ, అదే చేత పట్టుకునే కట్టె, ఊడదీసి, గొడ్డలి కన్నులో పసుపు ముద్ద మెత్తి మళ్ళా కామ దిగ్గొడతాం. లోపల పెడితేనే పూజ అంటది మాయమ్మ. ఏడాది పొడుగునా కామ కదలదు. తుపాకీకి కూడా అట్టనే చేసినాను. గంధం కలిపితే బాగా పట్టుకుంటాదని అది కూడా కలిపినాను."

ఆ తర్కంలో నాకు తప్పు కనిపించలేదు. గొడ్డలికి బిగుతు చాలు. కన్నులో సందు ఎంత నిండితే కామ అంత గట్టిగా నిలుస్తుంది. రైఫిల్‌కు మాత్రం బిగుతు కన్నా ముందు కుదురు కావాలి. కుదరని చోట బిగిస్తే ఆ బిగుతే ఇనుమును వంచుతుంది.

అవ్వ ముఖం పాలిపోయింది. "నా మాటతో నేనే పిల్ల నోట్లో మన్ను కొట్టినానా అబ్బయా?"

"అది నాకింకా తెలియదవ్వా," అన్నాను. "పసుపు ఉందని మాత్రమే తేలింది. తప్పు పసుపుదేనని తేలలేదు."

కావ్య మొదటిసారి నవ్వింది. "ఈ సారు కోచ్ సారు కన్నా మొండోడవ్వా."

కోచ్ ఖాదర్ మాస్టారికి ఫోన్ చేసి, సంగతి చెప్పి రమ్మన్నాను. ఆయన వచ్చేలోగా పెచ్చును కొయ్య పుల్లతో, స్పిరిట్ తడిపిన గుడ్డతో, కింది కొయ్యకు గీటు పడకుండా తీశాను. మళ్ళీ నీలం రంగు పూసి చూస్తే కుదురులో రెండు స్క్రూల దగ్గరా రంగు సమానంగా అంటింది. టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో, రెండు స్క్రూలనూ మార్చి మార్చి తయారీదారు చెప్పిన మేరకు బిగించాను. వదులు చేసినా, బిగించినా డయల్ ముల్లు ఉన్నచోటే ఉంది.

ఖాదర్ మాస్టారు గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఏంది సారూ, మీరు కూడా ఆ పిల్ల తట్టు చేరినారా? పసుపు వల్ల గురి పోతాదని యాడన్నా విన్నామా?"

"నేనూ వినలేదు. అందుకే మిమ్మల్ని చూడమంటున్నా."

ఆయన చేతికే టార్క్ రెంచ్ ఇచ్చాను. బిగించాడు. సంచుల మీద పెట్టి ఒక పొడుగాటి వరుస కాల్చాడు. గ్రూప్ కదలలేదు. రైఫిల్ విప్పించి, మాలకొండయ్య చేత బిగింపించి, మాస్టారి చేత కాల్పించాను. పాత చోటే. అప్పుడు ఒక కాగితం ముక్కను మడిచి, పెచ్చు ఉన్న చోటే కుదురులో పెట్టి బిగించాను. కారణం ఇదేనని చెప్పాలంటే తప్పును మన చేత్తో మళ్ళీ రప్పించగలగాలి. ఖాదర్ మాస్టారు కాల్చాడు. గుండ్లు ఎడమకు, పైకి వెళ్ళాయి. కాగితం తీసి బిగించాను. గుండ్లు తిరిగి వచ్చాయి.

ఆయన అట్టలన్నింటినీ వరుసగా పేర్చుకుని ఒక్కొక్కటీ చూశాడు.

"నేను ఐదారు కాల్చి ఆపేసినాను," అన్నాడు చివరికి. తరువాత గొంతు పెంచి, "ఏందిమే, చూస్తా నిలబడినావు? దా, నిలబడి కాల్చు. సంచులు లేకుండా!" అన్నాడు.

కావ్య రైఫిల్ అందుకుంది. చెంప స్టాక్‌కు ఆనింది. అవ్వ కళ్ళు మూసుకుంది. వరుస ముగిశాక అట్ట తెచ్చింది ఖాదర్ మాస్టారే. నడిమి వలయం చిరిగిపోయి ఉంది. ఒకటి మాత్రం కొంచెం కిందికి పడింది.

"ఈడ మీట గుంజేసినావు," అన్నాడు.

"అవును సార్. అది నాదే," అంది కావ్య. ఆ మాట అనేటప్పుడు ఆమె నేల చూడలేదు.

ఖాదర్ మాస్టారు జేబులోంచి ఫోన్ తీసి, పేరు మార్చవద్దని ఎవరికో చెప్పాడు.

ఆదివారం నెల్లూరులో కావ్య జట్టుకు ఎంపికైంది. కబురు చెప్పడానికి తండ్రీకూతుళ్ళు ఆత్మకూరు దాకా వచ్చారు. అవ్వ నాకోసం పంపిన నెయ్యి గిన్నె ఇంటికి పట్టుకుపోతూ నేను పొందిన గర్వాన్ని దాచుకోను. నా జీవితంలో ఖరీదైన పరికరాలు ఎన్నో బాగుచేశాను కానీ, ఒక మనిషి మీద పడిన మాటను తుడిచిన మరమ్మతు అదొక్కటే.

నా వల్లే ఆ పిల్ల గెలిచిందని షాపుకు వచ్చేవారు అంటుంటారు. ఆ మాటకు ఆధారం లేదు. ఒక్క పోటీ ఏ సిద్ధాంతాన్నీ రుజువు చేయదు, పైగా సాధన చేసింది ఆ పిల్ల. ఆ పని తరువాత నేను నేర్చుకుని పాటిస్తున్నది ఒకటుంది. మనిషిలో లోపం ఉందని ఎవరు చెప్పినా, ముందు ఆ మనిషి చేతిలోని వస్తువును మనిషి లేకుండా పరీక్షిస్తాను. నేను పూచీ పడగలిగింది కూడా అంతవరకే. నెల్లూరులో ఆ రైఫిల్ నుంచి వెళ్ళిన ప్రతి గుండూ కావ్యదే. తప్పినవి కూడా.