రెక్సిన్ మీది బూజు

డెబ్బైల మొదట్లో మేము ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవారు. ఒక వానాకాలం ఆయన పాత సీటు నుంచి ఊడదీసిన రెక్సిన్ ముక్క తెచ్చారు. గుడ్డ మీది దాని ప్లాస్టిక్ పూత నిండా నల్లటి బూజు. ఎంత తుడిచినా మళ్లీ వచ్చేది.

ప్లాస్టిక్ మీద బతుకుతోందంటే దాన్ని తింటున్నట్టే కదా అనిపించింది నాకు. తిని ఏ ఆమ్లమో వదిలితే, పారేసే ప్లాస్టిక్ నుంచి మందులకీ రంగులకీ సరుకు తీయొచ్చు! వెనకున్న గుడ్డ ఒలిచేసి, ప్లాస్టిక్ పొరను ముక్కలు చేసి, బూజు నిలదొక్కుకోడానికి బెల్లం నీళ్లు పోసి గాజు సీసాల్లో పెట్టాను.

"ఏటమ్మీ, వంటింట్లో ఈ కంపేటి?" అంది మా అత్తగారు.

"ప్రయోగం అత్తయ్యా. ముట్టుకోకండి."

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి సీసాలు పెరట్లో బోర్లించి ఉన్నాయి.

"ఫినాయిలేసి కడిగేసినాను. తిండి వండుకునే సోటు కాదేటి?"

ఆవిడ మాటా నిజమే. లోలోపల ఉడికిపోతూనే కొత్త సీసాలు ఈసారి స్నానాలగదిలో పెట్టాను.

కొన్నాళ్లకు లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడింది. ఆమ్లం! మా ఆయన సంబరపడి, "షాపులో సెత్తంతా నీకే తెచ్చిస్తాను" అన్నారు. కానీ ప్లాస్టిక్ లేని సీసా ఒకటి పోల్చి చూడొద్దా? ఉత్త బెల్లం నీళ్లలో అదే బూజు వేశాను. అందులో ముంచిన లిట్మస్ కాగితమూ ఎర్రబడింది. బూజు బెల్లం తిని పులిసిందంతే.

పంతం పట్టి బెల్లం మానేశాను. ముక్కల మీద బూజు పలచగా పాకింది. చాలా రోజులకు కడిగి చూస్తే ప్లాస్టిక్ ఎక్కడికీ పోలేదు. బిర్రబిగిసి, వంచితే అప్పడంలా విరిగింది. ప్లాస్టిక్ మెత్తబడటానికి నూనెలాంటిది కలుపుతారని కాలేజీలో చదువుకున్నదే. బూజు తిన్నది ఆ నూనెనే.

"పోనీలే, కారణం తెలిసింది కదేటి" అన్నారు మా ఆయన.

నాకు కావలసింది ఆమ్లం గానీ కారణం కాదు, ఒళ్లు మండింది. అన్నం ఆయన్నే వడ్డించుకోమని చెప్పి, వానలో గొడుగైనా తీసుకోకుండా పూరీ గేట్ లెవెల్ క్రాసింగ్ దాకా నడిచి వచ్చాను.