గుదికర్ర కట్టిన కాలు

మొన్న మా మనవడి కూతురిని గుంటూరులో డాక్టరుకు చూపించి వచ్చారు. ఏడేళ్ళ పిల్ల, బడిలో పది నిమిషాలు ఒకచోట కూర్చోదు, చెప్పిన పని సగంలో వదిలి ఇంకోదాని వెంట పోతుంది. డాక్టరు దానికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పి, ఇది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు, మెదడు పనిచేసే తీరే అంత, ఒకసారికి ఒక్క పనే చెప్పండి, మధ్యమధ్య లేచి తిరగనివ్వండి అన్నాడట. మా కోడలు మాత్రం, "తిరగనియ్యటం ఏంది, నాలుగు తగిలిస్తే అదే కుదురుతది" అని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండి అన్నం ముందునుంచి లేచిపోయాను. ఆ కుదర్చడం ఎట్లా ఉంటుందో ఒంటితో తెలిసినదాన్ని నేను.

యాభైలలో మాది గురజాల దగ్గర పల్లె, రెండెడ్ల సేద్యం. అమ్మకు చదువు రాదు. ఇంట్లో ఒక్కరైనా బైబిలు చదివి వినిపించాలని ఆమె పట్టుబట్టి, ఆడపిల్లకెందుకని నలుగురూ అంటున్నా నన్ను మిషను బడిలో వేసింది. నేనేమో కుదురుగా కూర్చునే రకం కాదు. నీళ్ళకు పంపితే బిందె బావి దగ్గర వదిలి మేకల వెంట పోయేదాన్ని, పాలు చూడమంటే పొయ్యి ముందే ఉండి పొంగబెట్టేదాన్ని. కావాలని చేసింది కాదు, చెప్పిన మాట చెవిలో పడుతూనే జారిపోయేది. అది చెప్పుకోవడం నాకూ రాదు, అడిగినవాళ్ళూ లేరు. ప్రార్థన సగంలో లేచి కిటికీ దగ్గరకు పోయానని ఒకరోజు పంతులు నాన్నకు కబురు పెట్టాడు.

మా వైపు పరాయి చేలో పడే గొడ్డు మెడకు బరువైన కర్ర వేలాడదీస్తారు. పరుగెత్తితే మోకాళ్ళకు కొట్టుకుంటుంది. దాన్నే గుదికర్ర అంటారు. నాన్నకు తెలిసిన వైద్యం అదొక్కటే. తుమ్మకొమ్మ నరికి, పిల్ల కాలు గీసుకుపోకుండా నున్నగా చెక్కి మరీ, నా చీలమండకు తాడుతో కట్టి బడిలో కూర్చోబెట్టాడు. "ఏమే, ఎవరి చేలో పడ్డావే?" అని పిల్లలు నవ్వేవాళ్ళు. కదలకుండా కూర్చున్నాను. పంతులు మెచ్చుకున్నాడు, నాన్న మీసం దువ్వాడు. నా ధ్యాసంతా ఆ తాడు ముడి మీదే ఉందని, పలక మీద ఏమున్నదీ నాకు కనిపించడమే లేదని ఒక్కరూ కనిపెట్టలేదు. వేసవికి అ, ఆలు కూడా రాలేదు. "ఈ పిల్లకి చదువెక్కదు గానీ, మిరపకోతకు తోలుకుపో" అన్నాడు పంతులు. అంతే, బడి మానిపించారు. అమ్మ బైబిలును మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. చేలో అందరికన్నా ముందు సాలు దాటేది నేనే, అక్కడ నన్ను కుదురు లేనిదని ఎవరూ అనలేదు మరి.

పెళ్ళయి నడికుడి వచ్చాను, మా ఆయనది రైల్వే గ్యాంగులో పని. ఐదు దాకా చదివిన మా పెద్ద ఆడబిడ్డ నాకు అక్షరాలు నేర్పుతానని కూర్చోబెట్టి, రెండు రోజుల్లోనే నా అవస్థ కనిపెట్టింది. "కూసోలేకపోతే కూసోమాకే పిల్లా, నడువు" అని వాకిట్లో పరిచిన నాపరాళ్ళ మీద రాయికొక అక్షరం సున్నంతో రాసింది. నేను చాటలో బియ్యం చెరుగుతూ, రాయి మీద నుంచి రాయి మీదకు నడుస్తూ కాలికింది అక్షరాన్ని పైకి చెప్పాలి. అక్షరాలు తొక్కిస్తున్నారని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకుంటే, "తొక్కితే తొక్కింది లే అత్తా, వచ్చినయ్యా లేదా?" అనేది. వాన వెలిశాక మళ్ళీ రాసేది. ఇరవయ్యో ఏట, నాలుగు నెలల్లో, కూడబలుక్కుని చదవడం వచ్చింది.

నాన్న మమ్మల్ని చూడటానికి వచ్చేటప్పటికి అమ్మ పోయి ఏడాది. వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ ఆయనకొక కీర్తన చదివి వినిపించాను. అది విని నాన్న, "మరి అప్పుడెందుకు రాలేదే నీకు?" అన్నాడు. దెప్పిపొడుపు కాదు, నిజంగా తెలియకే అడిగాడు. నాకూ తెలియక, కీర్తన మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు వీధికో బడి ఉంది, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి డాక్టరు దగ్గర పిల్ల తీరుకు పేరు కనుక్కుని రావచ్చు. పేరు తెలిసి కూడా పిల్ల మీద చెయ్యెత్తేవాళ్ళను చూస్తుంటే నాన్న మీద కోపం నిలవడం లేదు, ఆయనకు చెప్పినవాళ్ళు లేరు కదా. ఆయన అడిగినదానికి జవాబు ఇన్నేళ్ళకు దొరికింది, చెబుదామంటే ఆయన లేడు. అమ్మయితే నేను చదవగా ఒక్క వాక్యమైనా వినకుండానే పోయింది.