వాన పడదులే అని వదిలేసిన అతుకు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మా ఆవిడకు చెప్పలేదు. నాయన పోయేముందు మంచం పక్కన కూర్చుని చెబుదామనుకున్నాను, అప్పుడూ నోరు రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదు, ఆ మాట ముందే అనేస్తున్నా.

నా తప్పును ఇంకొకడి నెత్తిన వేశాను. వాడు దాన్ని నిజంగా తనదే అనుకుని మోసుకుపోయాడు. ఇంతే విషయం. ఇంత చిన్నగా చెప్పగలిగేది ఇన్నేళ్లు ఎందుకు దాచానో!

అప్పట్లో నేను తీగలేని ఫోన్లు బిగించే పని చేసేవాణ్ని. మా పల్లెల్లో సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. స్తంభాలు పాతి తీగలు లాగలేని ఊళ్లకు ఒక రకం ఫోన్ వచ్చింది. చూడటానికి మామూలు ఇంటి ఫోనే. కాకపోతే మిద్దె మీద ఇనుప పైపు నిలబెట్టి, దానికి యాంటెన్నా కట్టి, టవర్ వైపు తిప్పి, అక్కడి నుంచి కేబుల్ కిందికి దించి ఫోన్‌కు తగిలించాలి. సిగ్నల్ రాకపోతే నాకు కబురు వచ్చేది. నేను మిద్దె ఎక్కి యాంటెన్నాను కాస్త ఇటు, కాస్త అటు తిప్పేవాణ్ని. కింద నుంచి "వచ్చె, వచ్చె" అని కేకలు వినిపించేవి. అప్పుడు నాకు భలే గర్వంగా ఉండేది. ఆకాశం నుంచి మాటల్ని దించుతున్నది నేనే అనుకునేవాణ్ని. ఒక కాంట్రాక్టరు కింద చేసేది ఆ పని. బాగా చేస్తే పర్మనెంట్ చేయిస్తానని ఆశ పెట్టి ఉన్నాడు.

గుమ్మఘట్ట దగ్గర ఒక పల్లె. పేరు చెప్పను. అక్కడ తిప్పేస్వామి అనే ఆయన కిరాణా అంగట్లో ఒక ఎండాకాలం ఫోన్ బిగించాను. ఊరికంతా అదే ఫోన్. కరువుకు ఊళ్లో సగం మంది మగాళ్లు బెంగళూరులో కట్టడాల పనికి పోయి ఉన్నారు. పొద్దున్నే పనిలోకి ఎక్కేముందు వాళ్లు ఫోన్ చేసేవాళ్లు. తిప్పేస్వామి భార్య వీధిలోకి వచ్చి ఎవరి పేరు పిలిస్తే వాళ్లు చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్లు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. మిద్దె మీద ఒక కేబుల్‌ను ఇంకో కేబుల్‌తో కలిపే చోట అతుకు ఉంటుంది. దాని మీద నీళ్లు చొరకుండా రబ్బరు టేపు చుట్టాలి. పని నేర్పినవాడు మొదటి రోజే చెప్పిన సంగతి. నేను చుట్టలేదు. ఎందుకు చుట్టలేదు? మిద్దె కాళ్లు కాలుస్తోంది, నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. వాన పడదులే అనుకున్నాను. మా వైపు వాన కోసం జాగ్రత్తపడే మనిషి ఎవడు, చెప్పండి? మిద్దెకు నీళ్లు జారే వాటం లేకుండానే కట్టేస్తారు. గొడుగున్న ఇల్లు వెతుక్కోవాలి. వాన రావాలని మొక్కుతాం గానీ వస్తుందని నమ్మి ఒక్క పనీ చేయం. ఆ టేపును ఇంటికి పట్టుకెళ్లి, కారుతున్న మా బోరు పైపుకు చుట్టాను. మాకు ఒక్కో చుక్కా బంగారం కదా. ఆ బోరు కూడా తర్వాత ఎండిపోయింది.

తిప్పేస్వామి అంగడి పక్కనే దస్తగిరి వెల్డింగ్ షాపు ఉండేది. షాపంటే నాలుగు రేకులు, ఒక మిషన్. మనిషి సన్నగా, నవ్వుతూ ఉండేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. తిప్పేస్వామి అంగడి మిద్దెకు మెట్లు లేకపోతే తాను చేసిన ఇనుప నిచ్చెన తానే మోసుకొచ్చి గోడకు ఆనించి, నేను ఎక్కి దిగేదాకా కదలకుండా పట్టుకున్నాడు. ఎవరూ అడగకుండానే చేశాడు.

ఆ ఏడు వాన పడింది. విత్తనాల అదనుకు వచ్చే ముంగారు తొలి వానే దంచి కొట్టింది. ఇళ్లలో నుంచి జనం బయటికొచ్చి కావాలనే తడిశారట. తెల్లారేసరికి వేరుశనగ విత్తే గొర్రులు, గుంటకలు అన్నీ దస్తగిరి షాపు ముందు గుట్టగా పడ్డాయి. కరువులో మూలన పడి తుప్పు పట్టినవి, కాళ్లు విరిగినవి. నేల పదును ఆరకముందే విత్తాలి కాబట్టి అందరికీ తొందరే. దస్తగిరి నీళ్లు తాగడానికి కూడా లేవకుండా పని చేశాడు. మిషన్ వేసినప్పుడల్లా వీధిలో బల్బులు తగ్గి వెలిగేవి. సరిగ్గా అదే సమయంలో ఫోన్‌లో కరకర మొదలైంది. మాట తెగిపోయేది, మళ్లీ వచ్చేది, మళ్లీ తెగేది. వాన నీళ్లు నా అతుకులోకి దిగాయని ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? వాళ్లకు కనిపించింది మిషన్, వినిపించింది కరకర.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున హనుమక్కకు ఫోన్ వచ్చింది. ఆమె మొగుడు ఈరన్న బెంగళూరులో ఇటుకలు మోసే పనిలో ఉన్నాడు. హనుమక్క పరిగెత్తుకొచ్చి ఫోన్ అందుకుంది. కరకరలో "ఈరన్న" అనే పేరు ఒక్కటే వినిపించింది. ఫోన్ తెగిపోయింది. మళ్లీ మోగింది, మళ్లీ అదే. ఆమె నవ్వుకుంటూ, "వానొచ్చిందా లేదా అని అడిగేకి చేసింటాడు, పాపం" అని తిప్పేస్వామి భార్యతో అని, విత్తనాల మూట నెత్తికెత్తుకుని చేనికి పోయింది.

ఫోన్ చేసింది ఈరన్న కాదు. ఈరన్న కట్టడం మీద నుంచి పడ్డాడని, వెంటనే రమ్మని తోటి కూలీలు చేసిన ఫోన్ అది. అప్పటికి అతను బతికే ఉన్నాడు. చివరికి ఒక కూలీ బస్సెక్కి వచ్చి నోటితో చెబితే గానీ ఊరికి తెలియలేదు. హనుమక్క పోయేసరికి ఈరన్న లేడు. చేనిలో ఆమె విత్తిన గింజలు మాత్రం మొలకెత్తాయని తర్వాత ఎవరో చెప్పారు. ఎందుకు చెప్పారో నాకు!

దినాలు అయ్యాక తిప్పేస్వామి నాకు కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి అంగడి ముందు జనం. హనుమక్క తమ్ముళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. నిచ్చెన అప్పటికే గోడకు ఆనించి ఉంది. దాన్ని పట్టుకుని దస్తగిరి నిలబడి ఉన్నాడు.

పైకెక్కి అతుకు విప్పాను. నా అరచేతిలో ఒక నీటి బొట్టు పడింది. లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒక్క చూపుకే తెలిసిపోయింది. ఇంక వెతకాల్సిందేమీ లేదు. మిద్దె అంచు పట్టుకుని కూర్చున్నాను.

"ఏమప్పా, తెలిసిందా?" కింద నుంచి తిప్పేస్వామి అరిచాడు. "ఆ మిషన్ వల్లనేనా?"

ఆ ప్రశ్న అతను అలా అడక్కుండా ఉంటే? ఏమైందప్పా అని మాత్రమే అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్నా? ఈ ప్రశ్న నాకు నేనే ఎన్నోసార్లు వేసుకున్నాను. లేదు, చెప్పేవాణ్ని కాదు. కాంట్రాక్టరు గుర్తొచ్చాడు, పర్మనెంట్ గుర్తొచ్చింది. అరుగు మీద ఆ తమ్ముళ్లిద్దరూ తలెత్తి నా వైపే చూస్తున్నారు. నేను అల్లాల్సిన అబద్ధం కూడా కాదది, వాళ్లే వండి వడ్డించారు.

"అట్లనే ఉండాది," అన్నాను.

దస్తగిరి నిచ్చెన వదల్లేదు. తల పైకెత్తాడు.

"అన్నా, పొద్దున్నుంచి మిషన్ ఆపే పెట్టినా. అయినా ఫోన్‌లో కరకర పోలేదు కదా. మరి నాదెట్లయితాది?"

చూశారా, సరైన మాట అడిగాడు. తప్పించుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి అడిగాడు. నేను వెనక్కి తగ్గడానికి దారి కూడా ఇచ్చాడు. అవును కదా, ఇంకోసారి చూస్తానుండు అంటే సరిపోయేది.

"మిషన్ ఆపితే చాలదప్పా," అన్నాను. "ఇన్నాళ్లూ దాని దెబ్బకు యాంటెన్నా పాడైపోయిండాది. ఇప్పుడు నేను బాగు చేస్తా. నువ్వు మళ్లీ మిషన్ వేస్తే మళ్లీ పాడైతాది."

"అంటే ఆయమ్మకు ఫోన్ వినపడకపోయింది నా వల్లనా అన్నా?"

నేను పటకారు వెతుకుతున్నట్టు సంచిలో తల పెట్టాను.

"తెలిసి చేసినావా ఏమి? పోనీలే," అన్నాను.

నా తప్పుకు అతన్ని నేను క్షమించాను! ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అబద్ధం చెప్పినదానికన్నా ఆ పోనీలే అన్న మాటే నన్ను ఎక్కువగా కాలుస్తుంది.

తర్వాత కేబుల్ చివర కోసి, కొత్త అతుకు వేసి, ఈసారి టేపు గట్టిగా చుట్టాను. ఎంత శ్రద్ధగా చుట్టానో చెప్పలేను. దిగాను. తిప్పేస్వామి బెంగళూరుకు ఫోన్ కలిపాడు. అవతలి గొంతు చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినిపించేంత స్పష్టంగా వచ్చింది. అందరూ ఒక్కసారిగా దస్తగిరి వైపు తిరిగారు. అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అంగడి గుమ్మం దగ్గరున్న హనుమక్క వీధిలోకి వచ్చి, తిడుతూ దుమ్మెత్తి అతని మీద పోసింది. అతను పక్కకు కూడా జరగలేదు.

ఎవరూ అతన్ని ఊరు విడిచి పొమ్మనలేదు. అతనే పోయాడు. మిషన్ విప్పేసి, రేకులు దించేసి, పెళ్లాన్ని తీసుకుని రాయదుర్గం వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆ నిచ్చెనను బస్సు మీద వేయించి నాకు పంపాడు. "నాకింకెందుకు, అన్నకు పనికొస్తాది" అని కండక్టరుతో చెప్పి పంపాడట. నేను తీసుకున్నాను. వెనక్కి పంపితే ఎందుకని అడుగుతారేమోనని భయం. అలా తీసుకున్న నిచ్చెన మీదే ఆ తర్వాత ఎన్నో మిద్దెలెక్కాను.

పర్మనెంట్ కాలేదు. సెల్‌ఫోన్లు వచ్చాయి, ఆ ఫోన్లు మూలన పడ్డాయి, కాంట్రాక్టరు ఇంకో వ్యాపారంలోకి పోయాడు. ఏం మిగుల్చుకున్నానని ఆ పని చేశానో నాకే తెలియదు.

కొన్నేళ్ల తర్వాత రాయదుర్గం బస్టాండులో దస్తగిరి కనిపించాడు. గుడ్డల మూటలు మోస్తున్నాడు. నేను గుర్తుపట్టనట్టు తల తిప్పుకున్నాను. అతనే మూట దించి, "అన్నా" అంటూ వచ్చి, వద్దన్నా వినకుండా టీ తాగించాడు. వెల్డింగ్ పని మళ్లీ ముట్టుకోలేదట. ఎందుకని నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"ఆ పొద్దు నువ్వు నిజం చెప్పినావు కాబట్టి సరిపోయిందన్నా. లేకుంటే ఇంకా ఎంతమంది ఉసురు పోసుకుంటాంటినో."

టీ వేడిగా ఉంది. అయినా ఒక్క గుక్కలో తాగేసి, బస్సొచ్చింది అన్నాను. బస్సు రాలేదు. వేరే ఊరి బస్సు ఏదో ఎక్కి కూర్చున్నాను. కిటికీలో నుంచి చూస్తే అతను చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా అని మీరడుగుతారు. అడగండి. నేనూ అడుగుతున్నాను. నిజం చెబితే అతను మళ్లీ మిషన్ పట్టేవాడేమో, హనుమక్క అతన్ని తిట్టడం ఆపేదేమో, నా మీద దుమ్ము పోసేదేమో. ఆ చివరిది ఒక్కటే నాకు భయం. మిగిలినవన్నీ జరగాల్సినవే కదా. ఇప్పుడు దస్తగిరి ఆ బస్టాండులో లేడు. ఎటో పోయాడంటారు. బాగా వెతికానా? లేదు. ఆ బస్టాండులో ఇద్దరినో ముగ్గురినో అడిగి, వెతికాను అనిపించుకున్నాను. హనుమక్క మాత్రం ఆ ఊళ్లోనే ఉంది. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. పిరికితనం ఎక్కడికి పోతుంది?

నిచ్చెన మా పెరట్లో గోడకు ఆనించి ఉంది. ఎండకు ఎండింది, అరుదుగా పడే వానకు తడిసింది. తుప్పు పట్టింది గానీ దస్తగిరి వేసిన అతుకు ఒక్కటీ విడలేదు. చెడింది నాదే. అతని మిషన్‌లో ఏ తప్పూ లేదు. ఈరన్న చావుబతుకుల్లో ఉన్నాడన్న మాట హనుమక్క చెవిన పడకుండా చేసింది నేను. ఈ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి. గొంతు కొంచెం వదులైంది. ఆ వదులు కూడా దస్తగిరికి దక్కాల్సిందే.