అత్త పలువరుస

మా వైపు మనిషి నవ్వితే చాలు, ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగారో చెప్పేయవచ్చు. నేను కనిగిరి పక్కన ఒక పల్లెలో పుట్టాను. మా నాయన దగ్గర నుంచి మా చివరి తమ్ముడి దాకా అందరివీ గోధుమరంగు చారల పళ్ళే. ఫ్లోరైడు అనే మాట బడిలో చెప్పకముందే మాకు తెలుసు. ఫోటోలో పెదాలు బిగించి నిలబడటం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పెళ్ళిచూపుల్లో మా అత్త నన్ను పాడమనలేదు, నడవమనలేదు. "ఒకపారి నవ్వమ్మా" అంది. నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తెల్లటి, ఎక్కడా సందు లేని పలువరుస. మా అమ్మ ఇంటికెళ్ళాక వారం రోజులు ఆ పళ్ళ గురించే చెప్పుకుంది.

ఆమెది గిద్దలూరు అవతల, నల్లమల కింద ఊరు. "మా ఊరి వాగు నీళ్ళు అట్లాంటివమ్మా" అనేది. మార్కాపురంలో కాపురానికి వచ్చి ఎన్నేళ్ళయినా పళ్ళ విషయంలో మాత్రం పుట్టింటి మనిషే. నా పిల్లలకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటే వాళ్ళ నోళ్ళు తెరిపించి చూసి, "అంతా అమ్మ పోలికేలే" అని నిట్టూర్చేది. నాకు ఒళ్ళు మండేది. నేను ఎలిమెంటరీ స్కూలు టీచరును, ఊరుకునే రకం కాదు. "పళ్ళు తెల్లగుంటే సరిపోదత్తా, వాటి వెనకాల ఉండే నాలుక కూడా బాగుండాల" అనేదాన్ని. ఆమె నవ్వేసేది. మాకు రోజులు అలా గడిచాయి. పోట్లాట అనలేను, ప్రేమ అనలేను, ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళం.

వయసు పైబడ్డాక ఆమెకు కొన్ని కొత్త అలవాట్లు వచ్చాయి. తినేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. పొద్దున అందరికన్నా ముందే లేచి, పెరట్లో బాత్రూము తలుపు గడియ వేసుకుని ముఖం కడుక్కునేది. జొన్నరొట్టె మానేసి సంగటికి దిగింది. అరగడం లేదేమో అనుకున్నాం. పాతకాలం మనిషి, మర్యాద ఎక్కువ అని కూడా అనుకున్నాం.

నేను రిటైరైన ఏడాది వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఒంగోలు ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఒక నర్సు కాగితం చేతిలో పట్టుకుని ప్రశ్నలు అడుగుతూ పోయింది. షుగరుందా, బీపీ ఉందా, కట్టుడు పళ్ళేమైనా ఉన్నాయా. నేను దాదాపు గర్వంగానే చెప్పాను, "లేవమ్మా, సొంత పండ్లే. గిద్దలూరు నీళ్ళ పండ్లు" అని. ఆమె రాసుకుని వెళ్ళిపోయింది. మంచం మీద మా అత్త నా వైపు చూసి గొంతులో ఏదో శబ్దం చేసింది. నొప్పి అనుకున్నాను.

ఇంటికి తెచ్చాక ఆమె పని అంతా నాదే. మా ఆయన తొమ్మిదింటికి పురుగుమందుల దుకాణానికి పోతే మళ్ళీ సాయంత్రానికే వస్తాడు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, గుడ్డలు మార్చాలి, ఒళ్ళు తుడిచి పౌడరు వెయ్యాలి. అన్నీ టైం టేబుల్ ప్రకారం చేశాను. ఆమె వీపు మీద ఒక్క పుండు పడలేదు. చూడవచ్చినవాళ్ళు దుప్పటి ఎత్తి చూసి మరీ మెచ్చుకునేవాళ్ళు. పొద్దున్నే వేలికి పళ్ళపొడి అద్దుకుని ముందు పళ్ళు తోమి, తడిగుడ్డతో తుడిచేదాన్ని. పళ్ళు మెరుస్తుంటే పని అయినట్టే లెక్క. ఆ పళ్ళ వెనక, దవడ లోపల ఏముందో ఒక్కరోజు కూడా చూడలేదు. పిల్లల గోళ్ళు, తలలో పేలు, చెవుల వెనక మట్టి, ముప్పై ఏళ్ళు అన్నీ వెతికి చూసినదాన్నే.

మూడో నెలలో ఆమె తిండి తగ్గించింది. రాగిజావ నోట్లో పోస్తే నాలుకతో బయటికి నెట్టేది. మెత్తగా కలిపిన పప్పన్నం అంగిట్లో పెడితే ముఖం తిప్పేది. నోటి నుంచి వాసన రావడం మొదలైంది. మంచాన పడ్డ మనిషి కదా, వాసన రాకుండా ఎలా ఉంటుందని లవంగం దంచి పెట్టాను. అది తగలగానే ఆమె ఒళ్ళంతా ఒణికింది. ఎడమ చెయ్యి ఆడేది కనుక ఆ చేతిని పదే పదే నోటి దగ్గరికి తీసుకుపోయేది. ఆకలేమో అని గిన్నె తెచ్చేదాన్ని. గిన్నె చూడగానే పెదాలు బిగించేది. "అడిగేది నువ్వే, వద్దనేది నువ్వే, ఏందత్తా ఇది?" అని విసుక్కునేదాన్ని. ఆమె ఏదీ అడగలేదు. చూపించింది. నాకు అర్థం కాలేదు.

ఆ రోజు పొద్దున పది గంటలయి ఉంటుంది. ఇంట్లో మేమిద్దరమే. మూడుసార్లు జావ నా చీర మీద ఉమ్మింది. నాలుగోసారి ఎడమ చేత్తో ఆమె దవడ పట్టుకుని, వేలు లోపలికి పోనిచ్చి నోరు తెరవబోయాను. కొరికింది. వేలి మీద రక్తం కనబడింది. నా చెయ్యి నేను అనుకోకముందే లేచి ఆమె చెంప మీద పడింది.

ఆ శబ్దం నాకు కొత్త కాదు. స్కూల్లో తొలి రోజుల్లో చాలాసార్లు విన్నదే. కొట్టిన తరువాత క్లాసు ఎలా నిశ్శబ్దమవుతుందో అలాగే గది నిశ్శబ్దమైంది. ఆమె ఏడవలేదు. నేను చెంచా తీసుకున్నాను. నోరు తెరిచింది. గిన్నె మొత్తం తాగింది.

నేను ఇక్కడ దాచకుండా రాయాలి. నాకు ఆ క్షణంలో జాలి కలగలేదు. గెలిచాననిపించింది. ఇన్నాళ్ళూ మొండితనమే చేసిందన్నమాట, ఒక్క దెబ్బకు దారికొచ్చింది అనుకున్నాను. సాయంత్రం మా ఆయన వచ్చి "అమ్మ తిన్నదా?" అంటే, "సుబ్బరంగా తిన్నది" అన్నాను. ఎలా తిన్నదో చెప్పలేదు.

నాలుగు రోజులు అలాగే తిన్నది. ఐదో రోజు ఆ చెంప ఉబ్బింది, జ్వరం వచ్చింది, నీళ్ళు కూడా దిగడం ఆగిపోయింది. నా దెబ్బ వల్లే ఉబ్బిందనుకున్నాను. వీధి చివరి వైద్యుడు వచ్చి సెలైను పెట్టి, మా ఆయనను గడప బయటికి పిలిచి, "తిండి మానేసిందంటే ఇంకేముందన్నా. చూడాల్సినోళ్ళకు చెప్పుకోండి" అన్నాడు. మా వైపు ముసలివాళ్ళు తిండి మానేస్తే ఎందుకు మానేశారని ఎవరూ అడగరు. అదే జవాబు అనుకుంటారు. మా ఆయన ఫోన్లు మొదలుపెట్టాడు.

అందరికన్నా ముందు గిద్దలూరు నుంచి మా చిన్నత్త, అంటే మా అత్త చెల్లెలు, బస్సు దిగి వచ్చింది. అక్క పక్కన కూర్చుని, ఉబ్బిన చెంప నిమిరి, వాసనకు ఒక్కసారి తల వెనక్కి తీసుకుని, నన్ను అడిగింది.

"పండ్ల సెట్టు ఎక్కడ పెట్టినావమ్మా?"

"ఏం సెట్టు?"

"మా అక్క సెట్టు. తీసినారు గదా?"

ఆమె నా ముఖం చూసి అంతా గ్రహించి, తన నోటికి తన చెయ్యే అడ్డం పెట్టుకుంది. తరువాత తడబడుతూ చెప్పింది. ఒకప్పుడు మా అత్త జ్వరమని పుట్టింట్లో రెండు నెలలు ఉండిపోయింది, గుర్తుంది. అది జ్వరం కాదట. చిగుళ్ళు చెడి, ఉన్నవన్నీ తీయించుకుని, నంద్యాలలో పైనా కిందా కట్టించుకుందట. "కోడలికి తెలిస్తే నవ్వుతాదని ఒట్టు పెట్టించుకున్నెది. రోజూ పొద్దున తీసి కడుక్కునేది. మీకు ఎప్పుడన్నా చెప్పి ఉంటాదిలే అనుకుంటి నేను."

ఆటో మాట్లాడి ఆమెను ఎత్తి కూర్చోబెట్టాం. పళ్ళ డాక్టరు క్లినిక్కు మేడ మీద. ఆ డాక్టరమ్మే మెట్లు దిగి వచ్చి, ఆటోలోనే వంగి, ఫోను లైటు వేసి చూసింది. కింది వరస తేలికగా వచ్చింది. పైది చిగురు వాచి పట్టేసింది. మెల్లగా కదిలించి తీయడానికి చాలాసేపు పట్టింది. తీసిన చోట అంగిలి పచ్చిపుండు, చెంప లోపల చీము. "ఇవి రోజూ తీసి కడగాల, రాత్రిపూట నీళ్ళలో ఉంచాల. ఎన్నాళ్ళయింది తీసి?" అని అడిగింది. నాలుగు నెలలు అని మా ఆయన చెప్పాడు. చెంప వాపు దేనివల్లని నేను అడగలేకపోయాను. డాక్టరమ్మే చెప్పింది, పుండు చాలా రోజులదని, ఎక్కడ తాకినా ప్రాణం పోయేంత నొప్పిగా ఉండి ఉంటుందని. నేను కొట్టింది ఆ పుండు మీద. పైగా ఆ తరువాత నాలుగు రోజులు గిన్నె మొత్తం తాగించాను.

మందులు వాడాం. మాటిమాటికీ దిండు ఎత్తు చేసి కూర్చోబెట్టి, వేలికి తడిగుడ్డ చుట్టి, ఉప్పునీళ్ళతో చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపల తుడిచేదాన్ని. లైటు వేసి మూలమూలా చూసేదాన్ని. పది రోజుల్లో వాపు పోయింది. ఆమె మళ్ళీ జావ తాగింది, తరువాత మెత్తటి సంగటి తిన్నది. చూసిపోదామని వచ్చినవాళ్ళు చూసే వెళ్ళిపోయారు.

నాకు ఇక ఒక్కటే కోరిక మిగిలింది. ఆమె నన్ను క్షమించిందని ఏదో ఒక గుర్తు కావాలి. మాట లేదు కనుక మాటతో చెప్పలేదు. ఎవరూ లేనప్పుడు మంచం పక్కన కూర్చుని "అత్తా, తప్పయిపాయె. నాకు తెలవదు" అని చెప్పాను. ఆమె గోడ వైపు చూసింది. విన్నదో లేదో తెలియదు. నా చేతి ముద్ద ఆమె మనసారా తింటే అదే జవాబు అనుకుందామని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె తిన్నది. ఇంకో ఏడాదిన్నర బతికింది, అన్నాళ్ళూ తిన్నది. మా ఆయన పెడితే సగం తిని తల తిప్పేది. వాళ్ళ చెల్లెలు పెడితే ఆడుతూ, అలుగుతూ నాలుగు చెంచాలు. నేను పెడితే తల తిప్పకుండా గిన్నె ఖాళీ. మా ఆడబిడ్డ ఎప్పుడు వచ్చినా ఇదే మాట. "వదినా, మా అమ్మకు నీ చెయ్యి పడితేనే ముద్ద దిగతాది." పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర కూడా పదిమందిలో అదే చెప్పింది. కన్నకూతుళ్ళు కూడా ఇంత చెయ్యరని ఎవరో అన్నారు. నేను తల వంచుకుని వడ్డిస్తూ పోయాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓదారుస్తారు, తెలియక చేశావులే అంటారు. వాళ్ళు ఎవరూ ఆమెకు ఎదురుగా కూర్చోలేదు. వాళ్ళకు నా వీపు, ఖాళీ అవుతున్న గిన్నె మాత్రమే కనిపించేవి. కొడుకు తినిపించేటప్పుడు ఆమె అతని ముఖం చూస్తూ తినేది. నేను చెంచా పట్టుకుని చెయ్యి ఎత్తగానే మాత్రం, ప్రతి పూటా, ప్రతి చెంచాకూ, ముందు కళ్ళు గట్టిగా మూసుకునేది. ఆ తరువాతే నోరు తెరిచేది.